క్యాడీ పనితో మళ్లీ మొదలయ్యే బతుకు: నవలలో గోల్ఫ్ వివరాలు సరిచూసి చెప్పండి

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారం. నవల రెండో చిత్తులో ఉంది. కథ క్లుప్తంగా ఇదీ. రాఘవులుకి 43 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ఇరవై రెండేళ్లు నాలుగు రంగుల మెషిన్ నడిపాడు. ప్రెస్ మూతపడింది. బావమరిది పూచీ మీద గోల్కొండ నయా ఖిల్లాలోని గోల్ఫ్ కోర్సులో క్యాడీగా, అంటే ఆటగాడి బ్యాగు మోస్తూ సాయపడే మనిషిగా చేరతాడు. గోల్ఫ్‌లో ఓనమాలు కూడా రావు. డాక్టరు గారని ఒక సభ్యుడి బ్యాగు అతనికి దక్కుతుంది. అక్కణ్నుంచి ఏడాది పాటు నడుస్తుంది కథ.

మెచ్చుకోలు వద్దు, తప్పులు చూపించండి. 17వ అధ్యాయంలోంచి ఒక ముక్క పెడుతున్నాను. క్లబ్బు నెలవారీ మెడల్ రౌండు (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీ), ఆఖరి గ్రీన్ (గుంత చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక):

"చినుకులు మొదలయ్యాయి. రాఘవులు జెండా కర్రను పచ్చిక మీద పడేసి గొడుగు విప్పాడు. డాక్టరు గారు బంతి ముందు కాళ్లు సర్దుకుంటుంటే ఆయన వెనకే వంగి బంతికీ గుంతకీ మధ్య దారి చూశాడు. 'కొంచెం ఎడమకి సార్' అన్నాడు. గుంతకు ఎడమపక్క తువ్వాలు మడిచి గురుతు పెట్టాడు. గొడుగు ఆయన తల మీదే పట్టి నిలబడ్డాడు. బంతి గుంతలో పడింది. ఆ క్షణాన రాఘవులు మళ్లీ పుట్టాడు."

అడగాల్సినవి మూడు. మొదటి రోజు అతను ఏం చేస్తాడు, ఎక్కడ తడబడతాడు? క్యాడీ తప్పు ఆటలో నిజంగా ఎంత నష్టం తెస్తుంది? చివర్లో అతను తానే ఆటగాడు కావాలా?

రూలుకర్ర:
ఈ ముక్కలో రాఘవులు మూడు చోట్ల రూలు తప్పాడు. మూడూ గోల్ఫ్ రూల్స్‌లో 10.2 కిందికే వస్తాయి.

ఒకటి, ఆటగాడు కాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టాక క్యాడీ లైను (బంతి పోవాల్సిన దారి) పొడిగింపులో బంతి వెనక నిలబడకూడదు. 2019 నుంచి ఈ నిషేధం ఉంది. అదే ఏడాది జనవరిలో దుబాయ్ డెజర్ట్ క్లాసిక్ ఆఖరి హోల్ మీద చైనా ఆటగాడు లీ హావోటాంగ్‌కి ఇందుకే రెండు స్ట్రోకులు (దెబ్బలు) పెనాల్టీగా పడ్డాయి. బర్డీ (పార్ అనే నిర్ణీత లెక్కకు ఒకటి తక్కువ) కాస్తా బోగీ (ఒకటి ఎక్కువ) అయింది, మూడో స్థానంలో ఉన్నవాడు పన్నెండుకి జారాడు. ఆటగాడు వెనక్కి తగ్గి, క్యాడీ తప్పుకున్నాక మళ్లీ మొదట్నుంచి కాళ్లు సర్దుకుంటే పెనాల్టీ ఉండదు. మీ డాక్టరు గారు తగ్గలేదు.

రెండు, తువ్వాలు. గ్రీన్ మీద చేత్తోగానీ కాలితోగానీ పట్టుకున్న పిన్ (జెండా కర్ర)తోగానీ తాకి "ఇక్కడికి కొట్టండి" అని చూపించవచ్చు. వస్తువు కింద పెట్టి చూపించకూడదు. పెట్టాక తీసేసినా తప్పు తప్పే.

మూడు, గొడుగు. స్ట్రోకు ముందువరకు పట్టవచ్చు. కొట్టే వేళకు క్యాడీ గొడుగుతో సహా పక్కకి తప్పుకోవాలి. ఆటగాడు తన గొడుగు తానే ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించి కొట్టడం) చేసుకోవచ్చు, దానికి అడ్డు లేదు.

మూడు తప్పులకు ఆరు స్ట్రోకులు కాదు. మధ్యలో స్ట్రోకు పూర్తి కాలేదు, తప్పు జరిగిందని ఎవరూ ఎరగరు, కాబట్టి అన్నీ కలిపి రెండే. మెడల్ రౌండులో అది చాలు. మ్యాచ్ ప్లే (హోల్‌కో గెలుపు లెక్కపెట్టే ఆట) అయితే ఏకంగా ఆ హోలే పోతుంది.

ఇక్కడ మీ నవలకు పనికొచ్చే మాట ఒకటుంది. 10.3సి చెప్పేది ఏమిటంటే, క్యాడీ రూలు తప్పితే శిక్ష ఆటగాడికి. క్యాడీ కార్డు మీద ఏమీ పడదు, అతనికి కార్డే లేదు. మీ ముక్కలో రాఘవులు మళ్లీ పుట్టలేదు. తనని నమ్మిన మనిషి స్కోరులో రెండు స్ట్రోకులు కలిపాడు, ఆ సంగతి అతనికే తెలియదు.

భుజంపట్టీ:
మొదటి రోజు గురించి. గ్రీన్ చదవడం దాకా రావాలంటే ముందు బ్యాగు మొయ్యాలి. మామూలు సభ్యుడి క్యారీ బ్యాగు నిండుగా ఉంటే 9 నుంచి 12 కిలోలు. ప్రొఫెషనల్స్ వాడే స్టాఫ్ బ్యాగు 18, 20 కిలోల దాకా పోతుంది. 18 హోల్స్ నడిస్తే ఎనిమిది నుంచి పది కిలోమీటర్లు, నాలుగు నాలుగున్నర గంటలు. మెషిన్ పక్కన ఇరవై రెండేళ్లు నిలబడ్డవాడి కాళ్లు ఓర్చుకుంటాయి, భుజం ఓర్చుకోదు. కుడి భుజాన ఒంటి పట్టీ వేసుకుంటే రెండో రోజుకి ఎడమ నడుము కూడా పట్టేస్తుంది, ఎందుకంటే బరువుకు ఎదురు ఒరిగేది ఆ పక్కే. మొదటి వారం రాఘవులు ఇంట్లో చెంబు ఎత్తి నీళ్లు పోసుకోవడం చూపిస్తే చాలు, నొప్పి గురించి పేరా అక్కర్లేదు.

పొద్దున క్యాడీ మాస్టర్ దగ్గర నంబరు, తర్వాత బ్యాగు. బ్యాగు చేతికి రాగానే మొదటి పని క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) లెక్కపెట్టడం. పద్నాలుగుకు మించకూడదు. తర్వాత బంతి మీద కంపెనీ పేరు, అంకె, సార్ పెట్టుకున్న గుర్తు చూసి మనసులో పెట్టుకోవాలి. జేబులో టీలు (బంతిని నిలబెట్టే పుల్లలు), మార్కర్‌గా ఒక నాణెం, పెన్సిలు, పిచ్ మార్క్ (గ్రీన్ మీద బంతి పడ్డ సొట్ట) సరిచేసే ఫోర్క్. తువ్వాలు సగం తడి, సగం పొడి. తడి సగంతో క్లబ్ ముఖం, పొడి సగంతో గ్రిప్. కొత్తవాడు చేసే తప్పు, వాన రోజున తువ్వాలంతా తడిపేసుకోవడం. గ్రిప్ జారితే తర్వాతి షాట్ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

నడిచేటప్పుడు క్లబ్బుల తలలు ముందుకు ఉండాలి, ముంజేయి వాటి మీద ఆనించాలి. లేకపోతే అడుగడుక్కీ గలగలమంటాయి, పక్క ఫెయిర్‌వే (గ్రీన్ దాకా కోసిన పచ్చిక దారి)లో ఎవరో కొట్టబోతూ ఆగిపోతారు. కొత్త క్యాడీకి పడే మొదటి తిట్టు సాధారణంగా దీనికే.

అన్నట్టు 17వ అధ్యాయంలో జెండా కర్ర "పడేసి" అన్నారు. పిన్ పడేస్తే గ్రీన్ మీద సొట్ట పడుతుంది. ఆనించి పెట్టాలి, అదీ ఎవరి లైనుకూ అడ్డం కాకుండా.

పాతపేజీ:
పద్నాలుగు లెక్కపెట్టడం చిన్న పని అనుకునేవాళ్లకి 2001 గుర్తు చేయాలి. ఓపెన్ చాంపియన్‌షిప్, రాయల్ లైథమ్. ఆఖరి రోజు ఇయాన్ వూస్నమ్ ఆధిక్యం పంచుకుంటూ మొదలుపెట్టాడు. అక్కడ మొదటి హోల్ పార్-3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్). టీ షాట్ దాదాపు గుంతలోకే పోయేది, బర్డీ చేశాడు. రెండో టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీదికి వెళ్లాక క్యాడీ చెప్పాడు, బ్యాగులో పదిహేను ఉన్నాయని. ప్రాక్టీసులో రెండు డ్రైవర్లు (బాగా దూరం కొట్టే క్లబ్బులు) ప్రయత్నించారు, ఒకటి తీయడం మరిచారు. పార్-3 మీద డ్రైవర్ పని పడదు గనక మొదటి టీ మీద ఎవరి కళ్లకీ ఆనలేదు. రెండు స్ట్రోకుల పెనాల్టీ. చివరికి మూడో స్థానం పంచుకున్నాడు, విజేత డేవిడ్ డువాల్ నాలుగు స్ట్రోకుల ముందున్నాడు.

నవలకు ఇందులో ఉన్న సారం "రెండో టీ" అన్న మాట. నిజం మొదటి టీ మీద తెలిసుంటే ఏమీ లేదు. కొట్టాక తెలిసింది. చెప్పడానికి క్యాడీకి నోరు ఎలా వచ్చిందో ఆ ఒక్క నిమిషం రాయగలిగితే అధ్యాయం నిలబడుతుంది.

చిత్తుప్రతి:
రూలుకర్ర గారూ, తలకెక్కింది. శిక్ష ఇంకొకరికి పడుతుందన్నది నా చిత్తులో ఎక్కడా లేదు, అదే కథకి ఇరుసు కావాలి. 17 మొత్తం తీసేస్తున్నాను. పాతపేజీ గారూ, నిజంగా జరిగినదాన్ని మా మనిషికి అంటగట్టను, కానీ "కొట్టాక తెలిసింది" అన్నది ఇంకో రూపంలో రావచ్చు. బంతి వెతకడంలో అలాంటిది ఏమైనా ఉందా?

రూలుకర్ర:
ఉంది, చాలా మంచిది. వెతకడానికి మూడు నిమిషాలు. 2019కి ముందు ఐదు ఉండేవి. ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుందంటే, ఆటగాడుగానీ అతని క్యాడీగానీ వెతకడం మొదలుపెట్టిన క్షణాన. డాక్టరు గారు ఇంకా తీరిగ్గా నడిచి వస్తున్నారు, హుషారు చూపించాలని రాఘవులు ముందే పరుగెత్తి రాళ్ల మధ్య కర్రతో కెలకడం మొదలుపెట్టాడు. ఆయన వచ్చేసరికి రెండు నిమిషాలు అయిపోయాయి. పనిలో శ్రద్ధే నష్టం తెచ్చింది. కొత్తవాడి తప్పు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఇంకొకటి కలపండి. బంతి పోయిందన్న అనుమానం ఉంటే టీ మీద నుంచే రెండో బంతి కొట్టొచ్చు, కానీ "ప్రొవిజనల్" (తాత్కాలికం) అని నోటితో చెప్పాలి. "ఇంకోటి కొడతా" అంటే కుదరదు, ఆ రెండోదే ఆటలోకి వచ్చేస్తుంది, మొదటిది దొరికినా పనికిరాదు. మంచి క్యాడీ వేరే అంకె ఉన్న బంతి చేతికిస్తూ "ప్రొవిజనల్ అని చెప్పండి సార్" అని అడుగుతాడు.

వెతికేటప్పుడు పొరపాటున క్యాడీ కాలు తగిలి బంతి కదిలితే పెనాల్టీ లేదు, ఉన్నచోట తిరిగి పెట్టాలి. గ్రీన్ మీద పొరపాటున కదిలినా అంతే. వెతకడం అయిపోయాక రఫ్ (పొడవు గడ్డి)లో బ్యాగు దింపుతూ తగిలిస్తే మాత్రం ఒక స్ట్రోకు.

అడుగులలెక్క:
బంతి చూడటం గురించి ఎవరూ చెప్పలేదు. క్యాడీ పనిలో సగం అదే. బంతి పడ్డచోటు "అక్కడెక్కడో" అని గుర్తు పెట్టుకుంటే దొరకదు. పడ్డ బిందువుకి సూటిగా వెనక ఒక కదలని వస్తువు పట్టుకోవాలి, కోట గోడలో ఒక బురుజో, ఒంటరి తాటిచెట్టో. నయా ఖిల్లాలో ఏనుగుల చెట్టని పిలిచే ఆ పాత బావోబాబ్ ఉంది కదా, దాన్ని ఇలాంటి గురుతుగా వాడుకోండి. పక్క ఆటగాడి క్యాడీ ఇంకో మూల నుంచి ఇంకో గురుతు పట్టుకుంటే రెండు గీతలూ కలిసినచోట బంతి ఉంటుంది. చూపు తిప్పకుండా నడవాలి. మధ్యలో సార్ మాట్లాడితే తల తిప్పకుండానే జవాబు. కోల్‌కతా, ఢిల్లీ వైపు పాత క్లబ్బుల్లో ఈ పనికే ముందు నిలబెట్టే మనిషిని ఆగేవాలా అంటారు.

ఇక దూరం. గోల్ఫ్‌లో గజాలే. రాఘవులు అడుగు గజానికి సరిపోయేలా నేర్చుకోవాలి. టేపు పరిచి వంద గజాలు నడిచి లెక్క చూసుకోవాలి, ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నదవుతుందని కూడా తెలియాలి. ఒక లెక్క మొత్తం చూపిస్తాను, అధ్యాయంలో ఎంత కావాలో అంతే వాడుకోండి. కోర్సు మీద 150 గజాల మార్కరు గ్రీన్ మధ్యకు. బంతి దానికి ఏడు అంగలు (ఏడు గజాలు) వెనక, అంటే మధ్యకు 157. గ్రీన్ లోతు 28, పిన్ ముందు అంచు నుంచి 9. మధ్య అంటే 14 కాబట్టి పిన్ మధ్యకంటే 5 ఇవతల, 152. గ్రీన్ పదిహేను అడుగుల ఎత్తులో ఉంది, మూడు అడుగులకు ఒక గజం చొప్పున 5 కలపాలి, మళ్లీ 157. ఎదురుగాలి గంటకు పది మైళ్లు, మైలుకు నూటికి ఒకటి చొప్పున సుమారు 16. మొత్తం 173. వెనకగాలి అయితే అందులో సగమే తీసేయాలి, ఎదురుగాలి చేసే నష్టంలో వెనకగాలి సగమే తిరిగి ఇస్తుంది.

ఎక్కడ తప్పుతుంది? మార్కరు గ్రీన్ మధ్యకా, ముందు అంచుకా అన్నది కోర్సుకో పద్ధతి, అడగకుండా నమ్మితే పద్నాలుగు గజాలు తేడా. దూరం కొలిచే లేజర్ మీటర్లలో పెట్టి ఉంటే 150 కాస్తా 164 గజాలు. గాలిని బంతి దగ్గర గడ్డి ఎగరేసి చూస్తారు, కింద బండల చాటున గాలే ఉండదు. చెట్ల కొనలు చూడాలి, బంతి ఎగిరేది అక్కడ.

ఒక చిత్రమైన తప్పు కూడా ఉంది. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లు, పలచటి గాలికి బంతి నూటికి రెండు దాకా ఎక్కువ పోతుంది. ఇది పుస్తకంలో చదివిన కొత్త క్యాడీ ప్రతి దూరంలోంచీ తీసేస్తాడు. తీయకూడదు. ఇక్కడే ఆడే సభ్యుడి కొలతల్లో అది ఎప్పుడో కలిసిపోయింది. విశాఖ ఈస్ట్ పాయింట్ నుంచి సముద్రమట్టం మనిషి అతిథిగా వస్తే అప్పుడు చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద లెక్క వేరే. డాక్టరు గారు తన ఏడో నంబరు ఐరన్ (ఇనుప తల క్లబ్, అంకె తగ్గేకొద్దీ దూరం పోతుంది) 155 గజాలు పోతుందని నమ్ముతారు, నిజానికి పోయేది 140. ఆ మాట మొహం మీద చెప్పకూడదు. "గాలి ఉంది సార్, ఆరు ఇవ్వనా" అని గాలి మీద పెట్టి చెప్పడం రెండు నెలల తర్వాత వస్తుంది.

షెడ్డుబయట:
అన్నా, లెక్కలు బాగున్నయి గానీ పైసల సంగతి కూడా రాయాలె. క్యాడీకి చాలా క్లబ్బుల్ల నెల జీతం ఉండదు. రౌండుకి ఇంతని క్లబ్బు ఖరారు చేస్తది, ఆటగాడు ఇస్తడు, పైన బక్షీస్ ఆయన ఇష్టం. ఏ, బీ, సీ గ్రేడులుంటయి, పరీక్ష పెట్టి గ్రేడు మారుస్తరు, గ్రేడు మారితే రేటు మారుతది. 43 ఏళ్లకి చేరినోడు కింది గ్రేడుల ఉంటడు, పైగ్రేడుల పాతికేళ్ల పిల్లగాడు ఉంటడు. ఆ పిల్లగాడే రాఘవులుకి పని చెప్పాలె. "తమ్మీ" అనలేడు, "సార్" అనలేడు. ఏం పిలుస్తడన్నది మీరు ఒక పేజీ రాయొచ్చు.

వంతు పద్ధతి ఉంటది. ఐదున్నరకి వచ్చి పేరు రాయించుకోవాలె. సభ్యులు తక్కువ వస్తే పదింటిదాకా కూసొని ఉత్త చేతుల్తోని ఇంటికి పోవాలె. జులై, ఆగస్టుల కోర్సు మునిగితే ఆ దినం కూలి లేదు. మీ ఏడాది కథల వానకాలం నడుమ పెట్టండి, ఇల్లు కదిలేది అప్పుడే. ఎండకాలం తొమ్మిది దాటినంక రెండో రౌండు ఒప్పుకోవాల్నా వద్దా అన్నది ఒంటికీ అద్దెకీ నడుమ పంచాయితీ.

సోమవారం చాలా క్లబ్బుల్ల కోర్సు బంద్, క్యాడీలు ఆడుకునేది ఆనాడు. ముంబై చెంబూరుల అయితే క్యాడీలు ఇనుప సలాక వంచి, ప్లాస్టిక్ బంతితోని గల్లీలల్ల కొడతరు.

గరికపోచ:
ప్రెస్ మనిషి అని చదవగానే రాయాలనిపించింది. ఈ కథలో బంగారంలాంటిది మీ చేతిలోనే ఉంది, మీరు వాడుకోలేదు.

వేడి ప్రాంతాల గ్రీన్లలో ఎక్కువగా వేసేది బెర్ముడా రకాలు. బెర్ముడా అంటే మన గరికే, వినాయకుడికి పెట్టే గరిక. దాని సంకర రకాలను పొట్టిగా, ఒత్తుగా పెంచి మూడు నాలుగు మిల్లీమీటర్లకు కోస్తారు. గరిక నిలువుగా పెరగదు, తీగలా పాకుతుంది. పాకిన దిక్కుకు పోచలు ఒరిగి ఉంటాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. బంతి ఒరిగిన దిక్కుకే పోతుంటే జారుతుంది, ఎదురైతే ఈడుస్తుంది, అడ్డమైతే ఆ పక్కకు లాగుతుంది.

కాగితానికీ పీచు దిక్కు ఉంటుంది, ప్రెస్ వాళ్లు దాన్ని కూడా గ్రెయిన్ అనే అంటారు. షీటు చింపితే గ్రెయిన్ వెంట సూటిగా, అడ్డంగా వంకరగా చిరుగుతుంది. ఒక పక్క తడిపితే గ్రెయిన్‌కు సమాంతరంగా చుట్టుకుంటుంది. మడత గ్రెయిన్ వెంట శుభ్రంగా వస్తుంది, అడ్డంగా వేస్తే పగులుతుంది. ఇరవై రెండేళ్లు షీటు వెలుతురుకు పట్టి దిక్కు చూసిన కన్ను రాఘవులుది. గోల్ఫ్‌లో ఓనమాలు రానివాడికి ఈ ఒక్కటి మాత్రం పాతికేళ్ల పిల్లవాడికంటే ముందే కనిపించాలి.

చూడాల్సినవి. బంతి వెనక నుంచి గుంత వైపు చూస్తే పచ్చిక మెరుస్తుంటే గ్రెయిన్ మీ నుంచి అటు పోతోంది, పుట్ వేగం. నల్లగా, మందంగా కనిపిస్తే మీ వైపు వస్తోంది, గట్టిగా కొట్టాలి. రెండో సాక్ష్యం గుంత అంచు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. పొద్దున కోసినప్పుడు అంచు చుట్టూ ఒకేలా ఉంటుంది. మధ్యాహ్నానికి ఒక పక్క పెదవి గోధుమ రంగుకి తిరిగి పీచులు లేస్తుంది, ఆ పక్క పోచలకి వేరు తెగింది కాబట్టి. గ్రెయిన్ ఆ పెదవి వైపు పోతోందని అర్థం.

రాఘవులు ఎక్కడ తప్పాలంటే: మెషిన్ చారలు. కోత యంత్రం అటూ ఇటూ నడిచిన చోట గ్రీన్ మీద లేత, ముదురు పట్టీలు పడతాయి. అవీ మెరుస్తాయి. మొదటి నెల అతను చారను గ్రెయిన్ అనుకోవాలి. గుంత పెదవి అబద్ధం చెప్పదు, అది మూడో నెలలో తెలియాలి.

ఇంకొకటి, పొద్దున మంచు. మొదటి గుంపు పుట్ చేసి వెళ్లాక గ్రీన్ మీద మంచులో బంతి నడిచిన దారి ముదురు గీతగా మిగులుతుంది. ఏ బంతి ఎక్కడ వంగిందో, ఎక్కడ ఆగిందో అంతా రాసి ఉంటుంది. కొత్త క్యాడీకి డబ్బు ఖర్చులేని బడి అది. ఎండ తగిలేలోగా చదువుకోవాలి. ఆ గీతలు చూడవచ్చు గానీ తమ లైను మీది మంచు తువ్వాలుతో తుడవకూడదు, దానికి రెండు స్ట్రోకులు.

రూలుకర్ర:
మంచు సంగతి సరైనదే. రాలిన ఆకులూ, గ్రీన్ మీది వదులు ఇసుకా తీసేయొచ్చు, మంచు తీయకూడదు.

గరికపోచ:
గ్రీన్ బాగుచేయడం కూడా కలిపేస్తాను. పిచ్ మార్క్ సరిచేసేటప్పుడు ఫోర్క్ దించి కింద నుంచి పైకి ఎత్తుతారు కొత్తవాళ్లు. సొట్ట లేస్తుంది, వేర్లు తెగుతాయి, ఆ చోట ఎండిన మచ్చ మిగులుతుంది. ఫోర్క్ సొట్ట అంచున దించి, బయటి పచ్చికను మధ్యకు నెట్టాలి, చుట్టూ నాలుగైదు చోట్ల, ఆపైన పుట్టర్ అడుగుతో మెత్తగా అద్దాలి. ఫెయిర్‌వేలో డైవట్ (క్లబ్ తగిలి లేచిన పచ్చిక) లేచి ముక్కలైపోతే దాన్ని తెచ్చి అతికించి లాభం లేదు. ఇసుక పోసి కాలితో చదును చేస్తే పక్క గరిక పాకి కప్పేస్తుంది. బంకర్ (ఇసుక గుంట)లోకి పల్లపు పక్క నుంచి, బంతికి దగ్గర దారిలో దిగాలి. పై అంచు నుంచి దిగితే ఇసుక జారిపోయి అంచు కూలుతుంది. రేక్‌తో (పళ్ల కర్రతో) చదును చేసుకుంటూ వెనక్కి నడిచి వచ్చెయ్యాలి.

దిబ్బగాలి:
మూడో ప్రశ్నకు నా జవాబు, కాకూడదు. రాఘవులు క్లబ్ పట్టి కప్పు గెలిస్తే ఈ పుస్తకం చదవక్కర్లేదు. క్యాడీ పని గొప్పదనం ఏమిటంటే, చూసేది నువ్వు, కొట్టేది ఇంకొకరు, పేరు ఆయనది. ప్రెస్‌లోనూ అంతే కదా, పుస్తకం మీద మెషిన్‌మన్ పేరు ఉండదు. పాత పని పోయి కొత్త పని దొరికింది, కానీ అతని చోటు మారలేదు. అదే చోటును రెండోసారి ఎంచుకుంటాడా లేదా అన్నది కథ.

ఇంకో విన్నపం. 18 హోల్స్ కాబట్టి 18 అధ్యాయాలని పెట్టకండి. ఏ హోల్‌లోనూ ఏమీ జరగని రౌండ్లే ఎక్కువ ఉంటాయి.

పాతపేజీ:
కప్పు గెలవకూడదు, ఒప్పుకుంటాను. కానీ క్లబ్ పట్టకూడదు అంటే ఒప్పుకోను. క్యాడీల నుంచి ఆటగాళ్లు రావడం ఈ ఆటలో వింత కాదు. 1913 యూఎస్ ఓపెన్‌ను బ్రూక్‌లైన్‌లో ఇరవై ఏళ్ల ఫ్రాన్సిస్ విమెట్ గెలిచాడు, ఆ కోర్సులోనే క్యాడీగా పెరిగినవాడు. ఆరోజు అతని బ్యాగు మోసినవాడు పదేళ్ల ఎడ్డీ లోవరీ. మన దగ్గర ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, ఆ టైటిల్ అందుకున్న తొలి భారతీయ ప్రొఫెషనల్. రాయల్ కల్కత్తాలో గ్రీన్‌కీపర్ కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2016, 2017 రెండేళ్లూ వరుసగా అదే టైటిల్ గెలిచాడు.

వీళ్లందరూ చిన్నప్పుడే క్లబ్ పట్టినవాళ్లు, 43 ఏళ్లకు కాదు. అందుకే రాఘవులు ఒక సోమవారం ఒక్క బంతి కొట్టాలి, అదీ బాగా తగలకూడదు. అప్పుడుగానీ డాక్టరు గారి చేతిలో ఏం జరుగుతోందో ఇతని వేళ్లకు తెలియదు. ఆయన మీద జాలి ఆ రోజు పుట్టాలి.

దిబ్బగాలి:
ఒక్క బంతి సరే. రెండోది వద్దు.

షెడ్డుబయట:
ఆ బంతి కొట్టడానికి ఐరన్ ఎవరిదన్నది కూడా రాయండి. సభ్యుడి బ్యాగుల క్లబ్ ముట్టుకుంటే పని పోతది. షెడ్డుల అందరికీ కలిపి ఒక పాత సెట్టు ఉంటది, గ్రిప్ మీద టేపు చుట్టింది.

చిత్తుప్రతి:
కాగితం గ్రెయిన్ సంగతి తెలిసి కూడా పుస్తకంలో వాడలేదు, ప్రెస్ అధ్యాయాల్లోనే వదిలేశాను. గరికపోచ గారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు. పాత 17 పోయింది. కొత్తది ఇదీ, తప్పులుంటే చెప్పండి:

"చినుకు ఆగలేదు. రాఘవులు పిన్‌ను గ్రీన్ బయట ఆనించి పెట్టి వచ్చాడు. డాక్టరు గారి బంతి గుంతకు పన్నెండడుగులు. లైను తొక్కకుండా చుట్టూ తిరిగి గుంత దగ్గర వంగాడు. కుడి పెదవి గోధుమ రంగుకి తిరిగింది. నాలుగు పోచలు తడి షీటు అంచులా పైకి లేచి ఉన్నాయి.

'ఎడమకి సార్. గుంత బయట.'

డాక్టరు గారు బంతి వెనక నుంచి చూశారు. 'లోపలి అంచు చాలు' అన్నారు.

ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు. ఆయన కాళ్లు సర్దుకునేదాకా గొడుగు పట్టి, ఆపైన వెనక్కి తప్పుకున్నాడు. చినుకులు ఆయన టోపీ మీద పడుతున్నాయి. బంతి సూటిగా బయల్దేరింది. ఆఖరి రెండడుగుల్లో కుడికి లాగి, పెదవి రాసుకుని దాటిపోయింది.

డాక్టరు గారు ఏమీ అనలేదు. మిగిలింది కొట్టేసి పుట్టర్ ఇచ్చారు. రాఘవులు తువ్వాలు పొడి పక్కకు తిప్పి గ్రిప్ తుడిచాడు. కార్డు మీద ఐదు పడింది.

వచ్చే ఆదివారం మొదటి గ్రీన్ మీద ఆయన బంతి దగ్గరికి పోలేదు. గుంత దగ్గరికి వచ్చి వంగారు. 'ఏది చూస్తావు నువ్వు?' అన్నారు."

గరికపోచ:
పెదవి కుడి, గ్రెయిన్ కుడికి, ఎడమకి గురి. సరిపోయింది. ఆఖరి రెండడుగులు అన్నది కూడా నిజమే, బంతి వేగం తగ్గాకే గ్రెయిన్ లాగుతుంది. ఒక్కటి: ఆదివారం మొదటి గ్రీన్ అంటే పొద్దున, గుంత కొత్తగా కోసి ఉంటుంది, పెదవి ఇంకా తిరగదు. ఆయన వంగాక రాఘవులు మెరుపు చూపించాలి, లేదా అది తొమ్మిదో గ్రీన్ కావాలి.

చిత్తుప్రతి:
తొమ్మిదో గ్రీన్ చేశాను.

రూలుకర్ర:
"వెనక్కి తప్పుకున్నాడు" అన్నచోట చదివేవాళ్లు లైను వెనక్కి అనుకుంటారు, మళ్లీ రెండు స్ట్రోకుల గొడవ. "పక్కకి" అని మార్చండి. మిగతాదానికి పెనాల్టీ లేదు.